ఈబుక్‌ను ఉచితంగా ఇస్తే రచయితకు మిగిలేదేమిటి?

కొత్తపుట:

సభ్యులందరికీ నమస్కారం. మూడు భాగాలుగా సాగే ఒక చారిత్రక నవలలో రెండు భాగాలు పూర్తిచేసి, ఇప్పుడు మూడవ భాగం రాస్తున్నాను. మొదటి రెండు భాగాలూ ఈబుక్‌లుగా వెలువడ్డాయి. చదివినవారు మెచ్చుకున్నారు గానీ, అసలు చదివినవారే తక్కువ. మొదటి భాగాన్ని శాశ్వతంగా ఉచితం చేయమని కొందరు మిత్రులు సలహా ఇస్తుంటే, ఊరికే వచ్చినదాన్ని ఎవరూ లక్ష్యపెట్టరని మరికొందరు వారిస్తున్నారు. రెండు పక్షాలవారూ తమ మాటను గట్టిగానే చెబుతున్నారు, కానీ ఎందుకలా అనుకుంటున్నారో వివరించడం లేదు. ఈ విషయాన్ని దగ్గరగా చూసినవారు కారణాలతో సహా చెప్పాలని కోరుతున్నాను. ఆదాయం నాకు ముఖ్యమే. అయితే మూడవ భాగం వచ్చేనాటికి దానికోసం ఎదురుచూసే పాఠకులు కొందరైనా ఉండాలన్నది నాకు అంతకంటే ముఖ్యం.

వాక్యశేషం:

కొత్తపుట గారూ, ఉచితంగా ఇచ్చి మేలు పొందిన రచయితల్లో ఎక్కువమంది ఒకే పుస్తకం రాసినవారు కారు, మొదటిది నచ్చిన పాఠకుడు వెంటనే కొనుక్కోగల రెండో పుస్తకం చేతిలో ఉన్నవారు. మీకు ఆ రెండో పుస్తకం ఉంది కాబట్టి నేను ఉచితం వైపే మాట్లాడతాను.

బేన్ బుక్స్ అనే అమెరికన్ ప్రచురణ సంస్థ 1999లో, రచయిత ఎరిక్ ఫ్లింట్ చొరవతో, తమ రచయితల నవలలు కొన్నింటిని, నకలు తీయకుండా అడ్డుకునే డిజిటల్ తాళం ఏదీ లేని ఫైళ్లుగా ఉచితంగా అందించడం మొదలుపెట్టింది. పైరసీకి భయపడి పాఠకులందరినీ అనుమానించడం కంటే, రుచి చూపించి కొనేలా చేయడమే మంచి వ్యాపారమన్నది ఫ్లింట్ వాదం. ఆయన తన తొలి నవలను అందులో ఉచితంగా పెట్టిన తరువాత దాని అచ్చు ప్రతుల అమ్మకం తగ్గకపోగా పెరిగిందని తన రాయల్టీ లెక్కలు బయటపెట్టి మరీ చూపించాడు. రచయిత కోరీ డాక్టరో 2003లో తన మొదటి నవలను అచ్చులో అమ్మకానికి పెట్టిన రోజునే, పాఠకులు ప్రతులు తీసి పంచుకోవడానికి ముందే అనుమతినిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో ఉచితంగా కూడా విడుదల చేశాడు. ఆ లైసెన్సులు అప్పటికి వెలువడి కొద్ది వారాలే అయింది. రచయితకు పైరసీ కంటే ఎవరికీ తెలియకుండా మిగిలిపోవడమే పెద్ద ప్రమాదమని ప్రచురణకర్త టిమ్ ఓరైలీ 2002లో రాసిన మాటకు ఈ ఇద్దరి అనుభవమూ దగ్గరగా ఉంది.

ఎవరికీ తెలియని పుస్తకానికి ధర ఎంత పెట్టినా దాని ఆదాయం సున్నాయే. అలాంటి పుస్తకాన్ని ఉచితం చేస్తే రచయిత పోగొట్టుకునేది చాలా స్వల్పమని, తెలిసే అవకాశం మాత్రం నిజంగా పెరుగుతుందని నా అభిప్రాయం.

చిత్తుప్రతి:

వాక్యశేషం గారు చెప్పిన ఉదాహరణలు నిజమైనవే. అయితే అవన్నీ గెలిచినవారి కథలు. ఉచితంగా ఇచ్చినా ఎవరూ చదవని పుస్తకాల రచయితలు తమ అనుభవాన్ని వ్యాసాలుగా రాయరు, రాసినా వాటిని ఎవరూ ఉదాహరించరు. అందువల్ల మనకు వినిపించే కథల్లో విజయమే ఎక్కువగా ఉంటుంది. పైగా బేన్ రచయితలకు వెనుక ఒక ప్రచురణ సంస్థ ఉంది, అచ్చు పుస్తకాలను దుకాణాలకు చేర్చే ఏర్పాటు ఉంది, ఆ సంస్థ పేరు చూసి పుస్తకం తీసుకునే అభిమానులు ముందే ఉన్నారు. వారు ఉచితంగా ఇచ్చింది డిజిటల్ ప్రతి, డబ్బు సంపాదించింది ఎక్కువగా కాగితం ప్రతి. తెర మీద నవల చదవడం అప్పట్లో ఇబ్బందిగా ఉండేది కాబట్టి, ఉచిత ఫైలు అచ్చు ప్రతికి ప్రకటనలా పనిచేసింది. ఇప్పుడు ఈబుక్కే అమ్మే సరుకైనప్పుడు, ప్రకటననూ సరుకునూ ఒకటే చేసి పంచిపెడుతున్నామన్నమాట.

దీనిమీద ఒక పరిశోధన ఉంది. జాన్ హిల్టన్, డేవిడ్ వైలీ అనే ఇద్దరు 2010లో ప్రచురించిన పత్రంలో, డిజిటల్ ప్రతిని ఉచితంగా ఇచ్చిన 41 పుస్తకాల అచ్చు అమ్మకాలను, ఉచితం చేయకముందు ఎనిమిది వారాలకూ చేసిన తరువాతి ఎనిమిది వారాలకూ పోల్చి చూశారు. ఎక్కువ వర్గాల పుస్తకాల్లో అమ్మకం కొంత పెరిగింది. కానీ టోర్ అనే సంస్థ తన పాఠకులను నమోదు చేయించుకుని, ఒక్కో పుస్తకాన్ని వారంపాటు మాత్రమే ఉచితంగా ఇచ్చిన వర్గంలో అమ్మకం తగ్గింది. ఉచితం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు ఈ పత్రంలో ఒకే జవాబు దొరకదని, ఎలా, ఎంతకాలం, ఎవరికి ఇచ్చారన్నదాన్ని బట్టి ఫలితం మారుతుందని నాకు అర్థమైంది.

నేను ఇతరుల పుస్తకాలను సంస్కరించి జీవించే మనిషిని. రచయిత తన శ్రమను ఉచితంగా ఇవ్వవచ్చు, అది ఆయన ఇష్టం. కానీ ఒక పుస్తకంలో సంపాదకుడి శ్రమ, అనువాదకుడి శ్రమ, ముఖచిత్రం గీసినవారి శ్రమ కూడా ఉంటాయి. అమ్మకంలో వాటా ఇస్తామన్న ఒప్పందంతో పనిచేసిన అనువాదకుడికి, పుస్తకం ధర సున్నా అయిన రోజున అతని వాటా కూడా సున్నా అవుతుందని ఎవరూ ముందుగా చెప్పరు. ఉచితం గురించి జరిగే చర్చల్లో ఈ మనుషుల ఊసే రాకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

సాలోచన:

నేను రచయితను కాను, పాఠకురాలిని మాత్రమే. అయినా ఈ చర్చలో పాఠకుల వైపు నుంచి ఒక మాట చెప్పాలనిపించింది. ఉచితంగా దొరికిన పుస్తకాన్ని దించుకోవడానికి ఒక్క క్షణం చాలు, చదవడానికి మాత్రం ఉచితం కాని పుస్తకానికి పట్టినంత సమయమే పడుతుంది. దించుకున్నవారంతా చదువుతారని రచయితలు అనుకుంటే అది పొరపాటు. నా రీడర్‌లో ఉచితంగా చేరిన పుస్తకాలు చాలావరకు తెరవకుండానే ఉన్నాయి. డబ్బు పెట్టి కొన్నవాటిని మాత్రం నచ్చకపోయినా కొన్ని అధ్యాయాల వరకైనా చదివాను.

ధర సున్నా అయినప్పుడు మనం ఎంచుకునే తీరే మారిపోతుంది. డాన్ ఏరియలీ మరి ఇద్దరు పరిశోధకులతో కలిసి 2007లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక మేలురకం చాక్లెట్‌నూ ఒక సాధారణ చాక్లెట్‌నూ తక్కువ ధరలకు పెట్టినప్పుడు ఎక్కువమంది మేలైనదాన్నే కొన్నారు. రెండింటి ధరనూ ఒక్కొక్క సెంటు తగ్గించగానే సాధారణమైనది ఉచితమైంది, అప్పుడు ఎక్కువమంది దానివైపే మళ్లారు. వాటి ధరల మధ్య తేడా మారలేదు, మారింది ఒకటి ఉచితం కావడం మాత్రమే. పుస్తకాల విషయంలోనూ ఇదే జరుగుతుందని నేను గమనించాను. చారిత్రక నవలల మీద ఏ ఆసక్తీ లేనివారు కూడా ఉచితం కాబట్టి తీసుకుంటారు, నాలుగు పుటలు చదివి విసుగు చెందుతారు, ఒక నక్షత్రం ఇచ్చి వెళ్లిపోతారు. డబ్బు పెట్టాలంటే వారు ఆ పుస్తకం దగ్గరికే వచ్చేవారు కారు, రచయితకు ఆ సమీక్షా వచ్చేది కాదు.

అయితే దీనికి మరో వైపు కూడా ఉంది. నేను ఇప్పుడు విడవకుండా చదివే ఇద్దరు రచయితలు నాకు ఉచిత పుస్తకం ద్వారానే పరిచయమయ్యారు. వారి తరువాతి పుస్తకాలన్నీ కొనుక్కున్నాను.

గ్రంథపాలిక:

సాలోచన గారి చివరి వాక్యాలు గ్రంథాలయాల్లో పనిచేసేవారందరికీ తెలిసిన సంగతే. పాఠకుడికి ఉచితంగా పుస్తకం అందడం ఈబుక్‌తో మొదలు కాలేదు. ఈ చర్చలో రెండు వేరు వేరు విషయాలు కలిసిపోతున్నట్టు నాకు అనిపిస్తోంది. పాఠకుడు డబ్బు ఇవ్వకపోవడం ఒకటి, రచయితకు డబ్బు రాకపోవడం మరొకటి. గ్రంథాలయంలో పాఠకుడు ఏమీ చెల్లించడు, కానీ ఆ ప్రతిని గ్రంథాలయం కొన్నది. కొన్ని దేశాల్లో, గ్రంథాలయం పుస్తకాన్ని అరువిచ్చినందుకు రచయితకు ప్రభుత్వమే కొంత సొమ్ము చెల్లిస్తుంది. ఈ పద్ధతిని డెన్మార్క్ 1946లోనే మొదలుపెట్టింది, బ్రిటన్ 1979లో చట్టం చేసింది. రచయితకు అన్నం పెడుతూనే పాఠకుడికి ఉచితంగా ఇచ్చే మార్గం ఉన్నదని చెప్పడానికే ఈ సంగతి ప్రస్తావించాను.

కాపీరైట్ గడువు తీరిన పుస్తకాల విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. మైకేల్ హార్ట్ 1971లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు కంప్యూటర్‌లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను టైపు చేసి పెట్టడంతో మొదలైన ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఇవాళ 70,000కు పైగా పుస్తకాలు ఉన్నాయి. వాటిని ఎవరైనా, ఎక్కడి నుంచైనా చదువుకోవచ్చు. తాళాలు లేని ఈపబ్ అనే ఈబుక్ ఫైలు కాబట్టి అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు, చూపు లేనివారు యంత్రం చేత చదివించుకుని వినవచ్చు. కొన్న ఈబుక్‌లకు వేసే డిజిటల్ తాళాలు ఈ చివరి సౌకర్యానికి చాలాసార్లు అడ్డుపడతాయన్న విషయం, చూపు లేని పాఠకులతో మాట్లాడిన ప్రతివారికీ తెలుసు.

కానీ జీవించి ఉన్న రచయిత పుస్తకాన్ని ఉచితంగా పంచే నిర్ణయం ఆ రచయితే తీసుకోవాలి. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం 2020 మార్చిలో, గ్రంథాలయాలు మూతపడిన సమయంలో, తన దగ్గర స్కాన్ చేసి ఉన్న పుస్తకాలను ఒకేసారి ఎంతమందికైనా అరువిచ్చే ఏర్పాటు చేసింది. దాని ఉద్దేశం మంచిదేనని నేను నమ్ముతున్నాను. అయినా నాలుగు ప్రచురణ సంస్థలు దావా వేశాయి, 2023లో కింది న్యాయస్థానమూ 2024 సెప్టెంబరులో అప్పీలు న్యాయస్థానమూ ప్రచురణకర్తల పక్షానే తీర్పు చెప్పాయి. గ్రంథాలయాలను ప్రాణంగా చూసుకునే నాకు ఆ తీర్పు కష్టంగానే తోచింది. కానీ తమను అడగలేదన్న రచయితల అభ్యంతరాన్ని తోసిపుచ్చలేకపోతున్నాను.

వాక్యశేషం:

చిత్తుప్రతి గారూ, గెలిచినవారి కథలే వినిపిస్తాయన్న మాట న్యాయమైనది. అయితే ప్రచురణ సంస్థ అండ లేని ఉదాహరణ కూడా ఉంది. ఆండీ వియర్ తన అంగారక నవల ‘ది మార్షియన్’ను మొదట తన సొంత వెబ్‌సైట్‌లో అధ్యాయాలుగా ఉచితంగా ప్రచురించాడు. అమెజాన్ వారి ఈబుక్ రీడర్ కిండిల్‌లో చదువుకోవడానికి వీలుగా ఇమ్మని పాఠకులు అడిగితే, అక్కడ అనుమతించే కనీస ధర 99 సెంట్లకు పెట్టాడు. ఉచితంగా దించుకున్నవారి కంటే అక్కడ కొన్నవారే ఎక్కువమంది అని ఆయనే తరువాత చెప్పాడు. ఉచితంగా చదివినవారు మొదట మాట పుట్టించారు, ఆ మాట విన్న కొత్తవారు తమకు అలవాటైన దుకాణానికి వెళ్లి కొన్నారు. 2014లో అది పెద్ద ప్రచురణ సంస్థ ద్వారా వచ్చింది, ఆ మరుసటి ఏడాది సినిమా అయింది. ఇది అందరికీ జరిగేది కాదని నాకూ తెలుసు. ఇందులో నేను గమనించిందల్లా, ఉచిత ప్రతి దొరుకుతున్నా కూడా సౌకర్యం కోసం పాఠకుడు డబ్బు పెట్టాడన్నదే.

ఇక అమలు విషయంలో కొత్తపుట గారు తప్పక తెలుసుకోవలసినవి ఉన్నాయి. రచయితలు తమ ఈబుక్‌లను తామే ప్రచురించుకునే అమెజాన్ వారి కిండిల్ డైరెక్ట్ పబ్లిషింగ్‌లో రచయిత తన పుస్తకానికి సున్నా ధర నేరుగా పెట్టలేడు. 2011లో మొదలైన సెలెక్ట్ పథకంలో చేరితే, ప్రతి 90 రోజుల్లో ఐదు రోజులు ఉచితంగా ఇవ్వనిస్తారు. కానీ ఆ 90 రోజులూ డిజిటల్ ప్రతిని మరెక్కడా, మీ సొంత వెబ్‌సైట్‌లో కూడా, ఉంచకూడదు. ఆ షరతు ఇష్టం లేనివారు కోబో, యాపిల్ బుక్స్ వంటి ఇతర ఈబుక్ దుకాణాల్లో సున్నా ధర పెట్టి, దానికి సరిపోయేలా తమ ధరనూ తగ్గించమని అమెజాన్‌ను కోరతారు. తగ్గించడమూ మానడమూ ఆ సంస్థ ఇష్టం, మళ్లీ ధర ఎప్పుడు పెరుగుతుందన్నది కూడా మన చేతిలో ఉండదు. ఉచిత పుస్తకాలకూ కొనే పుస్తకాలకూ ర్యాంకుల పట్టికలు వేరు కాబట్టి, ఉచిత పట్టికలో పైకెక్కిన పుస్తకం ధర పెట్టగానే అదే స్థానంలో ఉంటుందని ఆశించకూడదు.

ఇంకో మార్పు గురించి చాలామంది కొత్త రచయితలకు తెలియదు. ఉచిత పుస్తకాల సమాచారం రోజూ ఇచ్చే వెబ్‌సైట్లు ఒకప్పుడు చాలా ఉండేవి, తమ లింకుల ద్వారా వచ్చిన కొనుగోళ్లకు అమెజాన్ ఇచ్చే కమీషనే వాటి ఆదాయం. ఒక నెలలో తమ లింకుల ద్వారా 20,000 లేదా అంతకంటే ఎక్కువ ఉచిత కిండిల్ పుస్తకాలు వెళ్లి, మొత్తం కిండిల్ పుస్తకాల్లో అవి 80 శాతమో ఆపైనో అయితే ఆ నెల కమీషన్ ఇవ్వబోమని ఆ సంస్థ 2013లో నియమం పెట్టింది. ఆ తరువాత అలాంటి వెబ్‌సైట్లలో కొన్ని ఉచిత పుస్తకాలను తగ్గించుకున్నాయి. అందుకే తొలినాళ్ల రచయితలు రాసుకున్న ఉచిత ప్రచార అనుభవాలను ఇవాళ్టికి కొలమానంగా తీసుకోవద్దని మనవి.

పరిశోధక:

ఇప్పటివరకు చర్చ అంతా కథా సాహిత్యం చుట్టూ తిరిగింది. విద్యా సంబంధమైన పుస్తకాల పరిస్థితి వేరు. వాటి రచయిత చాలావరకు జీతం మీద బతుకుతాడు. అతనికి కావలసింది రాయల్టీ కంటే, తన పనిని ఇతరులు చదవడం, ఉదాహరించడం. అమెరికాలోని నేషనల్ అకాడెమీస్ ప్రెస్ 1994 నుంచే తన పుస్తకాలను ఆన్‌లైన్‌లో ఉచితంగా చదవనిచ్చి, 2011లో పీడీఎఫ్ ప్రతులను కూడా ఉచితం చేసింది. నా వంటి వారికి అది ఎంత ఉపకారమో మాటల్లో చెప్పలేను. అయితే ఇక్కడ కూడా ఖర్చు మాయం కాలేదు, చెల్లించే చేయి మారింది. ఓపెన్ యాక్సెస్ పేరుతో వెలువడే పుస్తకాల్లో చాలావాటికి రచయిత పనిచేసే సంస్థో, పరిశోధనకు నిధులిచ్చేవారో ప్రచురణ ఖర్చు ముందే చెల్లిస్తారు. ఏ సంస్థ అండా లేని స్వతంత్ర పరిశోధకుడికి చదవడం సులభమైంది, ప్రచురించడం మాత్రం కష్టమైంది.

కొత్తపుట గారికి ఒక హెచ్చరిక. క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో పుస్తకం ఇవ్వాలనుకుంటే ఆ లైసెన్సును పూర్తిగా చదవండి. ఒకసారి ఇచ్చిన అనుమతిని, నియమాలు పాటిస్తున్నవారి నుంచి వెనక్కి తీసుకోవడానికి వీలులేదు. మీరు పంచడం ఆపవచ్చు, కానీ అప్పటికే ప్రతి తీసుకున్నవారు పంచుతూనే ఉండవచ్చు. ధరను సున్నా చేయడం వేరు, హక్కులను వదులుకోవడం వేరు. ఉచితంగా ఇస్తూనే అన్ని హక్కులూ మీ దగ్గరే ఉంచుకోవచ్చు.

చిత్తుప్రతి:

ఒక విషయం చెప్పకుండా ఉండలేకపోతున్నాను. స్టీఫెన్ కింగ్ 2000లో ఒక నవలను భాగాలుగా తన వెబ్‌సైట్‌లో పెట్టి, దించుకున్నవారు భాగానికి ఒక డాలరు నిజాయితీగా చెల్లించమని కోరాడు. కనీసం 75 శాతం మంది చెల్లిస్తే కొనసాగిస్తానన్నాడు. మొదట్లో ఆ హద్దు దాటిన చెల్లింపులు క్రమంగా తగ్గాయి, ఆరు భాగాల తరువాత నవల ఆగిపోయింది. అంత పేరున్న రచయిత కాబట్టి ఆయనకు డబ్బు నష్టం జరగలేదు. కానీ నిజాయితీగా చెల్లించిన పాఠకులకు కథ ముగింపు దక్కలేదు. మూడవ భాగం ఇంకా రాస్తున్న కొత్తపుట గారు మొదటి భాగాన్ని ఇప్పుడే ఉచితం చేస్తే, వచ్చే పాఠకులు రెండవ భాగం చివర ఆగిపోవలసి వస్తుంది. నెలల తరబడి ఆగవలసివస్తే వారిలో ఎక్కువమంది మరో పుస్తకంలో పడిపోతారు. ఉచితానికి నేను వ్యతిరేకిని కాను. ఇది మాత్రం తొందరపాటు అవుతుందని భావిస్తున్నాను.

వాక్యశేషం:

ఈ విషయంలో చిత్తుప్రతి గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మూడవ భాగం విడుదలకు సిద్ధంగా ఉన్నప్పుడే మొదటిది ఉచితం చేయడం మేలు.

కొత్తపుట:

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. మూడవ భాగం పూర్తయ్యేవరకు మొదటి భాగం ధరను మార్చను. అది సిద్ధమైన తరువాత మొదటిదాన్ని శాశ్వతంగా ఉచితం చేసి, మిగిలిన రెండింటికీ ధర ఉంచుతాను, హక్కులన్నీ నా దగ్గరే ఉంచుకుంటాను. ముఖచిత్రం గీసినవారికి నేను అమ్మకంలో వాటా ఇస్తున్నాను, కాబట్టి చిత్తుప్రతి గారు చెప్పిన ఇబ్బంది రాకుండా, మొదటి భాగానికి బదులుగా వారికి ముందే ఒక మొత్తం ఇచ్చేలా ఒప్పందం తిరిగి రాసుకుంటాను. ఒక్క సందేహం మిగిలింది. ఉచిత ప్రతి చివర రెండవ భాగం లింకు మాత్రమే ఇవ్వాలా, అందులోని మొదటి అధ్యాయం కూడా చేర్చాలా?

వాక్యశేషం:

రెండూ ఇవ్వండి. అయితే లింకును కథ చివరి వాక్యం అయిన వెంటనే, కృతజ్ఞతల పుటకు ముందే ఉంచండి. కొన్ని రీడర్ యాప్‌లు కథ ముగియగానే సమీక్ష అడిగే తెరను చూపిస్తాయి, ఆ తరువాతి పుటలను చాలామంది తిప్పరు. దుకాణం మారితే లింకు కూడా మారాలి. ఒక దుకాణానికి పంపే ప్రతిలో మరో దుకాణం లింకు ఉంటే పుస్తకాన్ని తిరస్కరించే చోట్లు ఉన్నాయి కాబట్టి, ఒక్కొక్క దుకాణానికి ఒక్కొక్క ఫైలు తయారు చేసుకోవాలి. మీ పాఠకుల ఈమెయిల్ జాబితాకు పిలిచే లింకు మాత్రం అన్నింటిలోనూ ఒకటే ఉండవచ్చు. డౌన్‌లోడ్‌ల సంఖ్య కంటే, మొదటిది చదివినవారిలో రెండవది కొన్నవారు ఎంతమందో ప్రతి నెలా చూసుకోండి.

చిత్తుప్రతి:

ఉచితం చేసేముందు మొదటి భాగాన్ని మరొకసారి దిద్దించండి. చదివేవారు ఒక్కసారిగా పెరిగినప్పుడు అచ్చుతప్పులే సమీక్షల్లో ముందుగా కనిపిస్తాయి. ముఖచిత్రంలో వాడిన ఫోటోలకూ అక్షర రూపాలకూ ఉన్న లైసెన్సులు కూడా చూసుకోండి. కొన్నింటిలో పంచగల ప్రతుల సంఖ్యకు పరిమితి ఉంటుంది, ఉచిత ప్రతులు కూడా ఆ లెక్కలోకే వస్తాయి.